నా నేస్తం లాప్‌టాప్‌ని నేను బాగుచేసిన రోజు

నేను బాగుచేసిన వస్తువులన్నిటిలోకీ ఎక్కువకాలం పనిచేసింది నా నేస్తం లాప్‌టాప్. మొన్నమొన్నటిదాకా వాళ్ళాయన ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ అనేవాడు. "మా వదినగారు సేసిచ్చిన కాడ్నుంచీ ఒక్కపాలి కూడా ఆగలేదండి" అని. అతనలా అన్నప్పుడల్లా నాకు అర్జంటుగా మంచినీళ్ళు కావలసి వచ్చేవి. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆ మాట అయిపోయేదాకా అక్కడే నిలబడేదాన్ని.

నేస్తం అంటే మావైపు ఉత్త స్నేహితురాలు కాదు. గజపతినగరంలో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. దగ్గరలోని పల్లె నుంచి ఒక రైతు సంతరోజున వేరుశనగ బస్తాలు వేసుకొచ్చి మా కొట్టు ముందే బండి ఆపేవాడు. ఆ బండి మీద అతని కూతురు కూర్చుని వచ్చేది. కొట్టు అరుగు మీద నేను కూర్చునేదాన్ని. ఇద్దరూ ఒకే ఎత్తున, ఒకే రకం ముక్కుతో ఉన్నారని ఎవరో అన్నారట. మా అమ్మా, వాళ్ళమ్మా మంచిరోజు చూసి మా ఇద్దరికీ నేస్తం కట్టేశారు. వాళ్ళు నాకు పరికిణీ గుడ్డ పెట్టారు, మేము తనకు పెట్టాము. బొట్టు పెట్టుకున్నాం. ఒకరి నోట్లో ఒకరం బెల్లం ముక్క పెట్టుకున్నాం. మా కులాలు వేరు, ఇళ్ళలో తినే తిండి వేరు. అయినా ఆ పూటనుంచీ ఆమె తల్లి నాకు అమ్మ, నా తమ్ముడు ఆమెకు తమ్ముడు.

దానికి కట్టుబాట్లున్నాయి. నేస్తాన్ని పేరు పెట్టి పిలవకూడదు. ఒసే, ఏమే అనకూడదు. నేస్తం అడిగినదానికి లేదనకూడదు. కోపం వస్తే లోపలే మింగాలి తప్ప నోటితో ఒక్క మాట అనకూడదు. పన్నెండేళ్ళ పిల్లలం. నోట్లో బెల్లం ఉంది. అన్నిటికీ తలూపాం. తర్వాత హైస్కూల్లో ఒకే తరగతిలో చదివాం. మాస్టారు హాజరు పిలుస్తూ ఆమె పేరు చదివితే ఆ పేరు ఇంకెవరిదో అనిపించేది నాకు. ముప్పై ఏళ్ళు దాటినా నా ఫోనులో కూడా ఆమె పేరు లేదు, నేస్తం అనే ఉంది.

నేను లెక్కల టీచర్నయ్యాను. ఆమె శ్రీకాకుళం కోడలైంది. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ, ముప్పై ఏడో ఏట ఎచ్చెర్ల యూనివర్సిటీలో పిహెచ్‌డికి చేరింది. సముద్రం ఒడ్డున భావనపాడులో చేపల గంప నెత్తికెత్తుకుని లోపలి ఊళ్ళకు నడిచే ఆడవాళ్ళ మీద. నేను శాకాహారిని. నేను వచ్చే ఆదివారం ఆమె ఇంట్లో చేపలు వండదు. "నేను రానని తెలిస్తే సాలు, నీ పిహెచ్‌డి కుండలో ఉడుకుతాది" అని ఏడిపించేదాన్ని. కానీ ఆ పని మీద ఆమెకున్న ప్రాణం నాకు తెలుసు. తెల్లవారుజామునే భావనపాడు చేరి, ఆ ఆడవాళ్ళ వెనకాల గంప లేకుండా నడిచేది. వాళ్ళు ఏ ఇంటి ముందు ఆగుతారో, ఏ ఇంటి ముందు ఆగరో, ఏ వీధిలో గొంతు పెంచుతారో, అన్నీ గుర్తుపెట్టుకునేది. వాళ్ళముందు నోటుపుస్తకం తీస్తే వాళ్ళు మాట మార్చేస్తారని, ఇంటికొచ్చి చెయ్యి కూడా కడుక్కోకుండా లాప్‌టాప్ ముందు కూర్చుని, చెవిలో ఉన్న మాట ఉన్నట్టే టైపు చేసేది. అందుకని ఆమె రాసినదాంట్లో సగానికి కాగితం మీద నకలు లేదు.

ఆ లాప్‌టాప్ అప్పటికే పాతది. ఎవరిదగ్గరో కొన్నది. బ్యాటరీ చచ్చిపోయి, వైరు పెట్టి ఉంచితేనే వెలిగేది. ఎంటర్ మీట ఊడిపోతే దాని కింది రబ్బరు మీదే నొక్కేది. మూడేళ్ళ కిందట ఒకరోజు ఫోను చేసింది.

"నేస్తం, ఏటో అయిపోనాది దీనికి. అన్ని ఫోల్డర్ల మూలనీ సిన్న బాణం గుర్తులొచ్చీసినాయి. నొక్కితే ఒకటి తెరవబోతే ఇంకోటి తెరుసుకుంటన్నాది. బజార్లో కొట్టుకి పట్టుకెళ్ళనా?"

"కొట్టెందుకు, నేనున్నాను కదా. ఆదివారం వస్తాను" అన్నాను.

ఇక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. టీచర్లకు పెట్టిన పది రోజుల కంప్యూటర్ శిక్షణకు వెళ్ళొచ్చి, మా బళ్ళో కంప్యూటర్ గదికి నేనే పెద్దదిక్కునైపోయాను. మూడు పాత మిషన్లకు విండోస్ మళ్ళీ వేసి, హెడ్మాస్టారు చేత మెప్పు పొందాను. ఆ మెప్పు తలకెక్కింది. ఆ మిషన్లలో పిల్లలు గీసిన బొమ్మలు తప్ప పోవడానికేమీ లేదన్న సంగతి నేనసలు ఆలోచించలేదు. నేస్తం అడిగితే లేదనకూడదు అంటారు గానీ, ఆమె నన్ను అడగనేలేదు. నేనే ఎగేసుకుని వెళ్ళాను.

ఆదివారం పొద్దున్నే విండోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి, ఖాళీది ఒకటి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి నా నేస్తం పనసపొట్టు కూర వండుతోంది. వాళ్ళమ్మాయి, అప్పుడు పదో తరగతి, ముందుగదిలో లాప్‌టాప్ బల్లమీద పెట్టి, ప్లగ్గు వదులుగా ఉందని కాగితం మడత దోపి, నాకు కుర్చీ వేసింది. ఆ పిల్లకు ఇలాంటివి సరదా. వాళ్ళ బళ్ళో ప్రొజెక్టరు మొరాయిస్తే మాస్టార్లు దాన్నే పిలిచేవారు. ఇంటర్లో ఎంపీసీ, ఆ తర్వాత కంప్యూటర్ ఇంజనీరింగు అని తనే నిర్ణయించేసుకుంది. సెలవుల్లో మా ఇంటికొచ్చి నా దగ్గర లెక్కలు నేర్చుకునేది.

"ఏ వైరస్ పిన్నీ ఇది?" అని అడిగింది.

"ఏదైతే ఏటి, అన్నిటికీ ఒకటే మందు. మొత్తం తీసీసి కొత్తగా వేసీడమే" అన్నాను, డాక్టరమ్మలాగ.

"తియ్యకముందు ఒకపాలి వెతుకుదాం పిన్నీ, ఇలాటిది మా సార్ ఒకరోజు..." అని ఏదో చెప్పబోయింది. "ముందు మీ అమ్మకి కొబ్బరి కోరిపెట్టు" అని దాన్ని లోపలికి పంపేశాను.

ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టాను. నేస్తం వచ్చి, ఏవేవి కావాలో వేలు పెట్టి చూపించింది. ఐదు అధ్యాయాలూ, ఫొటోలూ, ఇంటర్వ్యూలూ. అన్నీ వరసగా ఎంచి, కాపీ కొట్టాను. రెప్పపాటులో అయిపోయింది. నాలుగేళ్ళ పని, వందల ఫొటోలు, రెప్పపాటులో. ఏమిటింత తొందరగా అయిపోయింది అని నాకు అనిపించింది. అనిపించలేదని ఇప్పుడు చెప్పడం తేలికే, కానీ అనిపించింది. సరిగ్గా అప్పుడే వాళ్ళాయన వచ్చి వెనకాల నిలబడి, "ఎంత స్పీడండి వదినగారు, మా ఆఫీసోళ్ళైతే పూటంతా తీసుకుందురు" అన్నాడు. నేను నవ్వి, పెన్‌డ్రైవ్ తీసి బ్యాగులో వేశాను. ఒక్క ఫైలు తెరిచి చూస్తే సరిపోయేది. లెక్క చేశాక సరిచూసుకోని పిల్లలకు సగం మార్కులే వేసేదాన్ని నేను.

ఆ వైరస్ చేసే పని ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. అది దేన్నీ తినదు. అసలు ఫోల్డర్లను కంటికి కనబడకుండా దాచేసి, వాటి పేర్లతో ఉత్త గుర్తులు పైకి పెడుతుంది. నేను కాపీ చేసింది ఆ గుర్తుల్ని. ఇళ్ళు వదిలేసి ఇళ్ళ ముందు బోర్డులు పీక్కొచ్చాను.

విండోస్ ఎక్కిస్తుంటే మధ్యలో ఒక చోట ఆగి, ఎక్కడ వేయమంటావని అడిగింది. C, D అని రెండు భాగాలు కనబడ్డాయి. C మాత్రం తుడిస్తే చాలు. కానీ D లో కూడా వైరస్ ఉండిపోతే? మళ్ళీ వారానికే పాడైతే నా పరువేం కాను? రెండూ తీసేసి ఒకటి చేద్దామనిపించింది. వంటింటివైపు తిరిగి కేకేశాను.

"నేస్తం, D లో ఏటున్నాది?"

"అన్నీ అందులోనే ఉన్నాయి. నువ్వు కాపీ సేసీసినావు కదా?"

"సేసీసాను" అని డిలీట్ నొక్కాను. నిజంగానే తీసేయమంటావా అని అది మళ్ళీ ఒకసారి అడిగింది. మిషన్ పాటి జాగ్రత్త నాకు లేకపోయింది.

కూర, పప్పు, మజ్జిగ పులుసు. కడుపునిండా తిన్నాను. మేము తింటుండగానే లాప్‌టాప్ కొత్తదానిలా వెలిగింది. అందరం చుట్టూ చేరాం. నేను గొప్పగా పెన్‌డ్రైవ్ పెట్టి, మొదటి ఫోల్డరు నొక్కాను. తెరుచుకోలేదు. రెండోది నొక్కాను. మూడోది. ఐదు అధ్యాయాలూ కలిపి ఒక పేజీ ఉత్తరమంత బరువు కూడా లేవని అప్పుడు చూశాను. ఏం జరిగిందో నాకు ఆ క్షణమే అర్థమైంది. అర్థం కాలేదని కూడా చెప్పుకోలేను.

"ఏటైనాది నేస్తం?" అంది ఆమె, నా ముఖం చూసి.

నేను తుడిచేశాను అనాలి. రెండు మాటలు. నేస్తం ముఖం, పక్కనే వాళ్ళాయన ముఖం, ఇంకా నోట్లో మజ్జిగ పులుసు రుచి. నా నోట్లోంచి వచ్చినవి వేరే మాటలు.

"వైరస్ తినీసినాది నేస్తం. నేనొచ్చేసరికే తినీసినాది."

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. అరవలేదు, ఏడవలేదు. కాసేపటికి, "ఎలగొచ్చినాది అది?" అంది.

"ఎవులో బయట పెన్‌డ్రైవ్ పెట్టుంటారు" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "జెరాక్సు కొట్టుల నించి వస్తాది మామూలుగా" అని కూడా అన్నాను.

ఆ వారంలో జెరాక్సు కొట్టుకు వెళ్ళింది ఆ పిల్ల. బడి ప్రాజెక్టు ప్రింటు తీయించుకోవడానికి. ముగ్గురం ఒక్కసారే దానివైపు చూశాం. నేనూ చూశాను. చేతిలో కడగబోతున్న కొబ్బరి కోరు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. "నేను ఒక్కపాలే పెట్టినానమ్మా" అంది. వాళ్ళ నాన్న గట్టిగా ఏదో అన్నాడు. వాళ్ళమ్మ అప్పుడేమీ అనలేదు. రెండు రోజుల తర్వాత అందట, ఇంటిల్లిపాదీ వినేట్టు, ఇక తన వస్తువేదీ ముట్టుకోవద్దని. ఆ సంగతి నాకు నేస్తమే ఫోనులో చెప్పింది. ఊఁ అన్నాను.

మొదటి రెండు అధ్యాయాలు గైడుకు మెయిల్లో పంపి ఉండబట్టి దక్కాయి. మిగతా మూడూ ఆమె మళ్ళీ రాసింది. రాసింది గానీ, ఆ మాటలు మళ్ళీ రాలేదని తనే అంది. మళ్ళీ భావనపాడు వెళ్తే ఆ ఆడవాళ్ళు, సెప్పినాం కదేటమ్మా, ఎన్నిపాల్లు సెప్తాం అన్నారట. గడువు దాటిపోయింది, ఇంకో గడువు అడిగి తెచ్చుకుంది. ఈలోగా వాళ్ళ కాలేజీలో పిహెచ్‌డి చేతికొచ్చిన వాళ్ళను పర్మినెంటు చేశారు. ఈమె ఆగిపోయింది. శ్రీకాకుళం వెళ్ళే ప్రతిసారీ బస్సు ఎచ్చెర్లలో ఆగేది. పుస్తకాలు పట్టుకుని ఎక్కే పిల్లలకు దారిచ్చే నెపంతో ముఖం అటు తిప్పుకునేదాన్ని.

అయినా ఆ మూడు అధ్యాయాలకంటే నన్ను ఎక్కువ తిన్నది ఆ పిల్ల. ఇంటర్లో ఎంపీసీ వద్దని సీఈసీలో చేరింది. ఏమే అంటే, లెక్కలంటే ఇష్టం లేదు పిన్నీ అంది. ఆ పిల్లకు లెక్కలు చెప్పింది నేను. దానికి ఇష్టమో కాదో నాకు తెలియదా? సెలవుల్లో మా ఇంటికి రావడం మానేసింది. నేను వాళ్ళింటికి వెళ్తే మర్యాదగా కాఫీ ఇచ్చేది. నేను కప్పు అందుకుంటూ, ఈసారి చెప్పేస్తాను అనుకునేదాన్ని. కప్పు ఖాళీ చేసి తిరిగి ఇచ్చేదాన్ని. ఇలా మూడేళ్ళు.

మొన్న వేసవిలో వడియాలు పెట్టుకుందాం రమ్మని నేస్తం పిలిచింది. రెండు రోజులుండేట్టు వెళ్ళాను. పొద్దున్న ఆమె పిండి రుబ్బుతుంటే మిక్సీ గర్రుమని ఆగిపోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న పిల్ల, ఇప్పుడు డిగ్రీలో ఉంది, తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"నేను ముట్టుకోలేదమ్మా."

ఎవరూ దాన్ని అడగలేదు. ఎవరూ దానివైపు చూడను కూడా లేదు.

"నిన్నెవులన్నారే" అంది వాళ్ళమ్మ, తల ఎత్తకుండా.

పిల్ల వెళ్ళిపోయింది. పద్దెనిమిదేళ్ళ ఆడపిల్ల, తన ఇంట్లో, మిక్సీ ఆగితే సంజాయిషీ ఇచ్చుకుంటోంది. ఆ భయం దానికి నేను నేర్పాను. అంతకుముందు లెక్కలు నేర్పినట్టే.

మిగిలిన పప్పు రోట్లో రుబ్బుకుని, మేడమీద పాత చీర పరిచి వడియాలు పెడుతున్నాం. ఇంకెవరూ లేరు. చేతులు పిండిలో ఉండబట్టి గానీ, లేకపోతే ఆవేళ కూడా ఏదో వంక దొరికేది.

"వైరస్ తినలేదు నేస్తం" అన్నాను. "నేనే తుడిచీసాను. సరిగ్గా కాపీ అవలేదు. సూసుకోకుండా తుడిచీసాను."

ఆమె చెయ్యి ఆగలేదు. ఇంకో వడియం పెట్టి, "తెల్సు" అంది.

"ఏటి తెల్సు?"

"నువ్వెళ్ళిన మర్నాడే బజార్లో కొట్టుకి పట్టుకెళ్ళినాను, ఏవైనా తీయగలడేమోనని. వైరస్ ఏటీ తినలేదమ్మా, ఎవులో మొత్తం తుడిచీసి కొత్తగా వేసినారు, పైన ఇంకా ఏటేటో ఎక్కించీసినారు, ముందే నా కాడికి తెస్తే అన్నీ తీసిద్దును, అన్నాడు."

మొదట నాకు కలిగింది ఊరట. సిగ్గులేని మాట, కానీ నిజం. మూడేళ్ళ బరువు ఒక్కసారి దిగింది. తర్వాత లెక్క చూసుకున్నాను. మర్నాడే తెలిసింది. పిల్లను తిట్టింది రెండు రోజులకు.

"మరి దాన్నెందుకు తిట్టినావు?"

"మరెవుల్ని తిట్టను?" అని మొదటిసారి నావైపు తిరిగింది. "కొట్టోడేటన్నాడు, నాలుగేళ్ళ పని ఎలగ పోనాదన్నాడని ఈయన అడుగుతన్నాడు. నేస్తం సేసినాదని సెప్పనా? సెప్తే నిన్ను మరి ఈ ఇంట్లో ఎలగ సూస్తాడు? కూతురంటావా, నా కడుపున పుట్టినాది. పొద్దున్న తిడతాను, మజ్జేనం అన్నం పెడతాను. నేస్తాన్ని ఒక్క మాటంటే మరి అతకదు. నీ మాట పోకూడదనుకున్నాను."

బట్టలు ఉతికిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు కోపం వచ్చింది. తప్పు చేసింది నేను, నన్ను కాపాడింది ఆమె, కోపం ఆమె మీద. ఆ కోపం బయట పెట్టడానికి నాకు కూడా హక్కు లేదు కదా, నేనూ నేస్తాన్నే.

"పిల్లకి సెప్తాను" అన్నాను.

"ఇప్పుడెందుకు? అది మర్సిపోనాది."

"మర్సిపోతే మిక్సీకి పరిగెత్తుకొచ్చినాదేటి?"

ఆమె చీర చివరిదాకా వడియాలు పెట్టేసి, చేతులు కడుక్కుని, అప్పుడంది. "సెప్తే సెప్పు. నువ్వు సేసినట్టే సెప్పు. నాకు తెల్సునని మాత్రం సెప్పకు నేస్తం. నిన్నెప్పుడైనా ఏటైనా అడిగినానా? ఇదొక్కటీ అడుగుతన్నాను."

అడిగింది. లేదనకూడదు. తలూపాను.

మర్నాడు పొద్దున నన్ను బస్సెక్కించడానికి పిల్లే ఆర్టీసీ కాంప్లెక్సుకు వచ్చింది. నా సంచీ తనే మోసింది. సంచీలో నిన్నటి వడియాలు, ఇంకా పూర్తిగా ఎండనివి. బెంచీ మీద కూర్చున్నాం. బస్సు రావడానికి ఇంకా టైముంది. చెప్పాను. వైరస్ దేన్నీ తినలేదని, అది దాచిందంతేనని, దాచిన చోటే ఉండగా తుడిచింది నేనని. "ఆ రోజు నువ్వు వెతుకుదాం అన్నావు. నేను నిన్ను కొబ్బరి కోరమని పంపీసినాను" అని కూడా చెప్పాను. తప్పు నాదని, తనకు ఏ సంబంధం లేదని చెప్పాను. అబద్ధం కూడా నాదేనని చెప్పాను.

ఆ పిల్ల సంచీ పట్టీ చుట్టుకుంటూ, విప్పుతూ వింది. చివరికి ఒకటే అడిగింది.

"అమ్మకి తెల్సా?"

"తెలీదు" అన్నాను.

"అయితే సెప్పకండి పిన్నీ" అంది వెంటనే. "అమ్మ మిమ్మల్ని ఏటీ అనలేదు. అనలేక లోపల్లోపలే కుమిలిపోతాది. మీ ఇద్దరి మధ్యా రాకూడదు ఇది. నా మీదే ఉండనీయండి. నాకు అలవాటైపోనాది."

బస్సొచ్చింది. పిల్ల ముందే ఎక్కి కిటికీ పక్కన సీటు ఆపి, సంచీ పైన పెట్టి, దిగి కింద నిలబడింది. నేను కూర్చున్నాను. తల్లి నా కోసం కూతుర్ని అడ్డుపెట్టింది, కూతురు తల్లి కోసం తనను తాను అడ్డుపెట్టుకుంటోంది. నేను మాత్రం కిటికీ పక్కన సీట్లో కూర్చున్నాను. డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్ల చెయ్యి ఊపింది, నవ్వుతూ.

నేను లేచి దిగిపోయాను. "అమ్మా, బస్సు కదుల్తాది" అని కండక్టరు అరుస్తున్నాడు.

"మీ అమ్మకి తెల్సు" అన్నాను పిల్లతో. "మర్నాటి నించీ తెల్సు. నిన్ను తిట్టకముందే తెల్సు."

దాని ముఖం చూడలేక చూశాను.

"మరి నన్నెందుకు..." అంది.

"నన్ను తిట్టలేక."

కండక్టరు వైపు ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. తర్వాత, "అయితే నేను పాడుసెయ్యలేదన్నమాట" అంది. నన్ను అడగడం కాదు, తనకు తాను చెప్పుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికేమీ లేదు. నా సంచీ బస్సులోంచి తెచ్చి నా చేతికిచ్చి, "ఇంకో బస్సు పావుగంటలో ఉంటాది పిన్నీ" అని, ఆ పావుగంటా ఆగకుండా ఇంటివైపు నడిచి వెళ్ళిపోయింది. ఆ పిల్ల అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాతి బస్సు ఎచ్చెర్ల దాటుతుండగా ఫోను మోగింది. నేస్తం అని పడింది. ఎత్తాను.

"ఒసే" అంది. ఆ వెంటనే నా పేరు.

ఆమె గొంతులో నా పేరు నేను పన్నెండో ఏటి తర్వాత వినలేదు. ఒక్క క్షణం ఎవర్ని పిలుస్తోందో నాకు తెలియలేదు. ఆ పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టింది. మూడు అధ్యాయాలకు తిట్టింది. చూసుకోకుండా తుడిచినందుకు, తుడిచి అబద్ధమాడినందుకు, జెరాక్సు కొట్టు అని నోరు పారేసుకున్నందుకు తిట్టింది. ఉద్యోగానికి తిట్టింది. అడిగిన ఒక్కటీ నిలబెట్టనందుకు అన్నిటికంటే గట్టిగా తిట్టింది. తన కూతురు ఇంటికొచ్చి తనవైపు చూసిన చూపు జన్మలో మర్చిపోలేనంది. మూడేళ్ళదీ ఒక్కసారే వచ్చింది. పక్క సీటావిడకు కూడా వినబడుతోంది, నావైపు జాలిగా చూస్తోంది. నేను అడ్డు చెప్పలేదు. ఆ తిట్లలో నాకు న్యాయంగా రావలసినది కానిది ఒక్కటీ లేదు. ఎక్కడో లోపల, ఇన్నాళ్ళకు వచ్చాయి అనిపించింది. ఆ అనిపించడానికీ సిగ్గుపడ్డాను.

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నేను కూడా ఆమెను పేరు పెట్టి పిలుద్దామని చూశాను. అంత తిట్టాక అదే మర్యాద అనిపించింది. నోటికి రాలేదు.

"నేస్తం" అన్నాను.

"మరలగ పిలవకు నన్ను" అంది.

ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. రణస్థలం వచ్చింది, దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. అవతల వాళ్ళింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఎవరు బాగుచేశారని నేను అడగలేదు.